గోజోలో పది రోజులు

"యాడికి పోతాండారు?"

"గోజో అని, మాల్టా పక్కన చిన్న దీవి."

"ఎందుకు?"

"చూసేకి."

"చూసేకి ఏముండాది ఆడ?"

రంగనాథ్ జవాబు కోసం పక్కకు చూశాడు. పక్కన కూర్చున్న అంజలి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వుతాండావు గానీ, నిన్ను అడిగినా ఇంతే," అన్నాడు ఈరేష్.

ఎమ్మిగనూరులో మగ్గం తీసేసిన గది అది. కుర్చీలో వీసా ఆఫీసరుగా ఈరేష్. ఎదురుగా బెంచీ మీద వాళ్లిద్దరూ. కొన్నాళ్లుగా ఆదివారమైతే చాలు, ఇదే తంతు. రంగనాథ్ కర్నూలులో ఓ హోటల్లో వంటమాస్టరు. సెలవు దొరికిన రోజు బస్సెక్కి వస్తాడు.

విహారయాత్ర అనేది పేరుకే. అసలు సంగతి బతుకుతెరువు. పది రోజులు చూసి వస్తామని చెప్పి దీవిలో దిగాలి. అక్కడ తెలిసినవాళ్ల హోటల్లో రంగనాథ్ వంటకు, అంజలి గదులు సర్దడానికి కుదురుకోవాలి. కాస్త నిలదొక్కుకున్నాక ఈరేష్‌ను పిలిపించుకోవాలి. అదీ ముగ్గురి ఒప్పందం. మగ్గం మూలపడ్డాక ఈరేష్‌కు మిగిలిన ఆశ అదొక్కటే.

వీసా కిటికీ అతనికి కొత్త కాదు. ఒకసారి ఒంటరిగా వెళ్లి నవ్వులపాలై తిరిగొచ్చాడు. ఎమ్మిగనూరు నేతగాడు ఒక్కడే పోయి సముద్రం చూసొస్తానంటే ఎవరు నమ్ముతారు? జంటగా పోతే నమ్ముతారు, అదీ ఒకసారి కాదనిపించుకోని మనిషైతే. అనుభవమైతే గాని తత్త్వం బోధపడదంటారు. బోధపడింది కాబట్టే ఇప్పుడు ప్రశ్నలు వేసే కుర్చీలో కూర్చున్నాడు.

ఫోన్లో గోజో ఫొటోలు చూపించాడు. బోడి కొండలు, రాతి గోడలు, గోడల పొడుగునా నాగజెముడు.

"మన ఆలూరు మాదిరే ఉండాది గదా," అంది అంజలి. "ఈడ రాళ్లు చాలక ఆడికి పోయి చూడల్లా?"

"సముద్రం ఉండాది. కోట ఉండాది."

"కోట గండికోటలో లేదా?" అన్నాడు రంగనాథ్.

"ఆఫీసరు ముందర ఈ మాటే అనప్పా. గండికోటకే పంపిస్తాడు."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వీసా రాకముందే ఏ పూట ఎక్కడ తినాలో కూడా ఖాయం చేసేసుకున్నారు. ముందు పడవ ప్రయాణం, ఆ తర్వాత కోట, ఆ పైన సముద్రం ఒడ్డున ఉప్పు మళ్లు.

జంటగా తిరిగిన ఫొటోలు కావాలన్నాడు, పాస్‌పోర్టులు పుట్టించిన ఏజెంటు. చివరికి అందరూ కలిసి గండికోటకే వెళ్లారు. ఫోను పట్టుకున్నది ఈరేష్. లోయ అంచున నిలబడ్డ ఆ ఇద్దరి నడుమ ఇంకో మనిషి పట్టేంత సందుంది.

"బస్సు కోసం నిలబడినట్టుండారు. దగ్గరికి జరుగప్పా. భుజం మీద చెయ్యేయి."

రంగనాథ్ చెయ్యి వేశాడు. అంజలి బిగుసుకుపోయింది.

"నవ్వు," అన్నాడు ఈరేష్. ఆమె నవ్వేదాకా ఫొటో తీయలేదు.

ఆఫీసర్లు అడ్డదిడ్డంగా కూడా అడుగుతారు. "మీ భార్యకు ఏం తినడం ఇష్టం?" అంటే రంగనాథ్ ప్రతిసారీ ఉగ్గాని అనేవాడు.

"ఉగ్గాని కాదప్పా. జొన్నరొట్టె, ఊరిబిండి. ఎన్నిసార్లు చెప్పల్లా నీకు?"

పోను పోను రంగనాథ్ తప్పులు చెప్పడం మానేశాడు. ఆ తర్వాత నేర్పనివి కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఎండలో తిరిగితే అంజలికి తలనొప్పి వస్తుందట. నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పదట.

ఆ తలనొప్పి సంగతి ఈరేష్‌కు తెలియదు. మంచిదే, ఇలాంటివి చెబితేనే నమ్ముతారు అనుకున్నాడు. అనుకున్నాడే గాని, ఆ పూట అన్నం సయించలేదు.

వీసా కోసం హైదరాబాదు పోయే ముందు ఆదివారం ఆఖరి పరీక్ష పెట్టాడు. బెంచీ మీద సందు లేదిప్పుడు.

"ఉప్పు మళ్ల కాడ ఏం చేస్తారు?" అంజలిని అడిగాడు.

"పొద్దు గూకేదాకా కూచుంటాం. ఆయనకు నీళ్లంటే భయం. చెయ్యి పట్టుకుంటా."

ఈ జవాబు ఈరేష్ నేర్పింది కాదు.

"మీ భర్త పేరు?"

అంజలి తల వంచుకుంది.

"పాస్‌పోర్టులో ఉండే పేరే గదా. చెప్పు."

"నోరు రాదు."

"మొదట్లో గడగడా చెప్తాంటివి?"

"అప్పుడు వేరే."

రంగనాథ్ నేలచూపులు చూస్తున్నాడు. పెదవి మీద నవ్వు మాత్రం దాగలేదు.

ఆ పక్క ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు. రేషను షాపులో అడిగినా పక్కనున్నామె చేత చెప్పిస్తారు. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని భయం. ఈరేష్‌కు ఇది తెలియనిది కాదు. కానీ కిటికీ ముందు ఇలా తల వంచుకుంటే వీసా గతేమిటి? ఇంకో ప్రశ్నకు వెళ్లాడు.

"మీరిద్దరూ పోతే ఈడ ఇల్లు ఎవరు చూసుకుంటారు?"

అంజలి తలెత్తింది. అతని ముఖంలోకి చూసి, తడుముకోకుండా చెప్పింది.

"ఈరేష్ అని, మాకు తెలిసినాయప్ప ఉండాడు. ఆయప్ప చూసుకుంటాడు."

తను తాళి కట్టిన ఆరేళ్లలో, అంజలి నోట తన పేరు వినడం ఈరేష్‌కు అదే మొదటిసారి.