గాజుపెంకు

"మళ్ళీ కాకర రసమేనా!" దశరథరామయ్య గ్లాసును గోడకేసి కొట్టాడు. అది భళ్ళున పగిలింది.

"నిన్న షుగరు మూడొందలు దాటింది కదండీ. నందిగామ డాక్టరు గారు..." అంటున్న భార్య సీతారావమ్మ చెంప ఛెళ్ళుమంది.

"ఇంకా గట్టిగా అరిచి చెప్పు! జగ్గయ్యపేట బజారంతా వినాలి, నేను రోగిష్టివాణ్ణని!"

ఆమె చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడవసాగింది. అది చూసి ఆయన ఇంకా మండిపడి మళ్ళీ చెయ్యెత్తాడు. నేలమీద నెత్తుటి అడుగులు చూసి ఆగిపోయాడు.

"ఏయ్, కాల్లో పెంకు దిగింది!"

"ఎక్కడండీ?" ఆమె వంగి చూసుకుంది. మడమలో వేలెడు గాజుముక్క ఉంది.

"నొప్పి తెలీట్లేదా?"

"ఏడాది నుంచీ కాళ్ళు మొద్దుబారాయిలెండి. వయసు కదా."

నొప్పి తెలుస్తోందా అని డాక్టరు ప్రతిసారీ తన అరికాలు గుచ్చి అడగడం ఆయనకి గుర్తొచ్చింది.

"నువ్వెప్పుడైనా షుగరు చూపించుకున్నావా?"

"నాకెందుకూ? జబ్బు మీకు కదా."

ఆయన గాజుముక్క లాగి, ఆమె కాలికి తువ్వాలు చుట్టాడు. తన షుగరు మిషను తెచ్చి ఆమె వేలు గుచ్చాడు. అంకె పడింది.

"ఎంతండీ?"

ఆమె చెంపమీద ఆయన వేళ్ళ అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది.

"నాకంటే ఎక్కువే, సీతా."