చంద్రకాంతమ్మ మొక్కు

“ఒక్క ముక్క తింటే ఆ స్వామేమన్నా కొండ దిగొచ్చి కొడతాడా అత్తా?” అంటూ లోకేశ్వరి బేనీషా మామిడి ముక్కల పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది.

“ఎన్నిసార్లు చెప్పాల మ్మే నీకు? మీ మామకు షుగరు దిగేదాకా తీపి ముట్టనని మొక్కుకోనుండా.” చంద్రకాంతమ్మ పళ్ళెం వెనక్కి తోసింది.

“చెట్టు మనదే, కాయ మనదే. ఊరందరికీ పంచేసి నువ్వు మాత్రం వాసన చూస్తా కూర్చో,” అన్నాడు కొడుకు ధనశేఖర్.

చంద్రకాంతమ్మ మొగుడు మునిరత్నం సగం అన్నంలోనే చెయ్యి కడిగేశాడు. “రేపు నేను ఆసుపత్రికి రాను. ఆడ చూసేదేముండాది? అది దిగదు, ఈమె తినదు.”

“రాకపోతే చంకనెత్తుకోని పోతా,” అంది చంద్రకాంతమ్మ.

ఏడాదిన్నర క్రితం మునిరత్నానికి షుగరు బయటపడినప్పుడు వీధంతా వినేలా అరిచింది ఆమే. “బజారుకు పోయినప్పుడల్లా మైసూరుపాకులు మెక్కి తెచ్చుకున్నావు. నేనూ ఈ ఇంట్లోనే తింటా ఉండా, నాకొచ్చిందా?” అని.

ఆ తర్వాత రెండు నెలలకు ఉన్నట్టుండి ఈ మొక్కు మొదలైంది. తీపి పోయింది. రాత్రిపూట అన్నం పోయి రెండు గోధుమ రొట్టెలు మిగిలాయి. పొద్దున్నే గంగమ్మ గుడి చుట్టూ యాభై ప్రదక్షిణలు. మూడు నెలలకోసారి పుత్తూరులో చెల్లెలింటికి వెళ్ళి, అక్కడి గుడిలో పూజ చేయించుకుని వచ్చేది. మనిషి సగమైంది. నోరు జారినందుకు ఇలా తనకు తానే శిక్ష వేసుకుంటోందని మునిరత్నం అనుకున్నాడు. ఆ మాట ఆమెను అడగలేదు.

మర్నాడు మంగళవారం. వడమాలపేట ఆసుపత్రిలో షుగరు వాళ్ళను చూసే రోజు. చంకనెక్కకుండానే వచ్చాడు మునిరత్నం. నర్సు సుజన అతని వేలికి సూది గుచ్చి చూసింది. అంకె మాత్రం చెప్పలేదు. మిషన్ బోర్లించి పక్కన పెట్టింది.

“నాయనా, మనసెట్లుండాది?”

“మనసుకు కూడా మాత్రలిస్తా ఉండారా పాపా?”

“ఆయనకేం, బాగానే…” అంటూ చంద్రకాంతమ్మ అందుకోబోయింది.

“అమ్మా, ఆయన్ని చెప్పనీయండి. మీరు రవ్వంతసేపు బయట బెంచీ మీద కూర్చోండి.”

మధ్యలో ఉన్నది గుడ్డ తెరే. బెంచీ మీద ఆమెకు ప్రతి మాటా వినబడుతోంది.

లోపల మునిరత్నం మొదలుపెట్టాడు. “నెల నుంచి మాత్రలు ఏసుకోలా పాపా.”

“తిట్టను, చెప్పండి. ఎందుకు?”

“షుగరుతో ఎట్లో బతకొచ్చు. మా ఇంటామె మొక్కే నన్ను తింటా ఉండాది. నా మూలాన ఆమె నోరు కట్టుకునింది. మీరు సూది గుచ్చినప్పుడల్లా, ఈసారీ దిగలేదంటే ఆమె మొగం ఎట్లా చూసేదని గుండె దడదడలాడతాది. ఇంటికి పోబుద్ధి కాక బజార్లో కూచ్చోని బన్నులు తింటా ఉండా.” అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “తెచ్చుకున్నోణ్ణి నేను. అనుభవించేది ఆమె.”

“ఎవరూ తెచ్చుకోరు నాయనా. అది ఎవరికైనా వస్తాది. ఈ మాట ఇంతవరకూ ఎవరికైనా చెప్పినారా?”

“అడిగినోళ్ళెవరు?”

సుజన కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మాత్రలు మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలో డాక్టరమ్మ చెప్తారు, కనుక్కోని పోండి. వచ్చే మంగళవారం నా దగ్గరికి రండి. అంకె చూసేదానికి కాదు, ఊరికే మాట్లాడుకుందాం.”

బయటికి వచ్చిన మునిరత్నం మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. ఆటోలో చంద్రకాంతమ్మ మాత్రం పాటల మోత తగ్గించమని ఎప్పటిలా డ్రైవరు మీద అరవలేదు.

ఇంట్లో అందరూ అన్నాలకు కూర్చున్నాక ఆమె గరిటె కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

“ఆ మొక్కు ఇయ్యాల్టితో సరి.”

“హమ్మయ్య!” అన్నాడు ధనశేఖర్. మునిరత్నం గట్టిగా ఊపిరి వదిలి గోడకు ఆనుకున్నాడు. లోకేశ్వరికి మాత్రం భయమేసింది.

“మామకు ఇంకా దిగలేదు కదత్తా. మధ్యలో వదిలేస్తే స్వామికి కోపం రాదా?”

“స్వామికి నేనేం మొక్కుకోలేదు మ్మే.” ఆమె మొగుడి వైపే చూస్తోంది. “వచ్చే మంగళవారం నేను బయట కూర్చోను. ఆ పాప ముందర నీ పక్కనే కూర్చుంటా.”

“నువ్వెందుకే?” అన్నాడు మునిరత్నం.

“నాకూ షుగరు ఉండాది.”