పన్నెండు గిన్నెలు

ఇన్సులిన్‌ను సూదితో కాకుండా మాత్రగా ఇవ్వాలన్నది ఆమె ఆరేళ్ల తపన. ఆ రాత్రి ల్యాబులో ఒంటరిగా మీట నొక్కింది. పేగు కణాలు పరిచిన మొదటి గిన్నెలో యంత్రపు చెయ్యి ఇన్సులిన్‌నీ, సబ్బులాంటి కొవ్వు ఆమ్లపు లవణాన్నీ వదిలింది. కణాల సందులు తెరుచుకున్నాయి. మందంతా దిగిపోయింది.

సీనియర్‌కు ఫోన్ చేసింది. "అక్కా, దాటిందక్కా." సంతోషం పట్టలేక చేతులు వణుకుతున్నాయనుకుంది.

"కింద ఎంత చేరింది?"

కణాలు దాటిన మందు చేరాల్సిన గిన్నె కింది అర చూసింది. "ఏమీ లేదక్కా."

"మరెటు పోయిందే? ఆ కణాలెవరివి?"

"నావే. పోయినేడు నా పేగులోంచి తీసినవి."

ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఉన్నట్టుండి ఆకలి, షుగర్ పడిపోతే వేసే ఆకలి.

"ఎన్ని గిన్నెలు పెట్టావే?"

"పన్నెండు."

వెనక యంత్రపు చెయ్యి టిక్కుమని రెండో గిన్నె మీదికి జరిగింది.