బొట్టు పెట్టిన కట్టెలు

ఊర్మిళ పెరటి తలుపు తీసేసరికి మంచు మీద అడుగుల జాడలు కనిపించాయి. పక్కింటి షెడ్డు దగ్గర మొదలై, పొదల సందులోంచి దూరి, తిన్నగా తమ కట్టెల కుప్ప దాకా వచ్చి, మళ్లీ అటే వెళ్లాయి. వాటి పక్కనే ఒంటిచక్రం బండి గీత కూడా ఉంది.

పక్కింట్లో ఉండేది ఒక్క మనిషే. ఫ్రావ్ హేగెలె, డెబ్బై దాటిన జర్మన్ ముసలావిడ.

"నేను చెప్తే నమ్మలే కదా. ఇప్పుడు నీ కండ్లతోని చూడు," అని ఊర్మిళ భర్తను పిలిచింది.

బ్యోబ్లింగెన్‌లోని ఆఫీసుకు బయల్దేరుతున్న విశ్వతేజ కుప్పను ఎగాదిగా చూశాడు. "కుప్ప మంచిగనే ఉంది కదా. పక్కింటోళ్లతోని లొల్లి పెట్టుకోకు," అని, రైలుకు టైమైందంటూ వెళ్లిపోయాడు.

ఊర్మిళకు ఒళ్లు మండిపోయింది. ఇంటి హీటింగ్ చెడిపోయి నెల కావస్తోంది. కావలసిన సామాను జనవరిలో గానీ రాదని ఓనరు చేతులెత్తేశాడు. బయట మైనస్ తొమ్మిది, ఇంట్లో నాలుగు నెలల గీతిక. హాల్లో ఉన్న కట్టెల పొయ్యి ఒక్కటే దిక్కు. ఆ కుప్ప కాస్తా అయిపోతే పసిపిల్లను ఎక్కడ దాచుకోవాలి?

ఆ కట్టెలు కూడా ఊరికే వచ్చినవి కావు. అడవి పక్కనున్న రైతు దగ్గర తనే నిలబడి, ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసి, బరువున్నవే ఏరి వేయించుకుంది. తేలికగా ఉన్నవి బోలు సరుకని పక్కన పడేయించింది. కట్టె అయినా కందగడ్డ అయినా బరువుంటేనే సరుకున్నట్టని ఆమె నమ్మకం. మొదటి వారం ఆ పొయ్యి పొగతో కళ్లనీళ్లు పెట్టించింది, దాని అద్దం బొగ్గులా నల్లబడింది. ఇప్పుడు హాయిగా మండుతోంది. మోసీ మోసీ చేతులకు బలం కూడా వచ్చిందేమో, కట్టెల బరువే తెలియడం లేదు. పని చేతికి అలవాటైందని మురిసిపోతుండగా ఈ దొంగతనం వచ్చిపడింది.

ముసలావిడ మీద అనుమానం ఇవాళ పుట్టింది కాదు. ఎప్పుడు చూసినా తమ చిమ్నీ వైపే మెడ చాచి చూసేది. రెండుసార్లు వచ్చి బెల్ కూడా కొట్టింది. ఊర్మిళ కర్టెన్ సందులోంచి చూసి, ఇంట్లో ఎవరూ లేనట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంది. మనుషులున్నారో లేరో కనుక్కోవడానికే కొట్టిందని ఇప్పుడు తెలిసొచ్చింది. ఇస్త్రీ చేసిన కర్టెన్లు, దువ్వినట్టున్న తోట. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే అనుకుంది.

ఆ సాయంత్రం రాత్రికి సరిపడా కట్టెలు లోపలికి తెచ్చుకున్నాక, కుంకుమ తడిపి, మర్నాడు తీయబోయే వరసలో ప్రతి కట్టె చివరా ఒక బొట్టు పెట్టింది. మర్నాడు పొద్దున పిల్లకు టీకా అపాయింట్‌మెంట్ ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి ఆ వరసలో బొట్టున్న కట్టె ఒక్కటీ లేదు. బొట్టు లేని కట్టెలు మాత్రమే కనిపిస్తున్నాయి.

శనివారం పొద్దున గీతికను గుండెకు కట్టుకుని, విశ్వతేజను వెంటబెట్టుకుని పక్కింటికి నడిచింది. గొడవ వద్దని అతను దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

"నువ్వేం మాట్లాడకు. పక్కన నిలబడు చాలు," అంది.

షెడ్డు తలుపు తీసే ఉంది. ఎడమ గోడ పొడుగునా తమ కట్టెలు గాలి ఆడేలా పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ఎర్రటి బొట్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కుడి గోడ దగ్గర చాలా మేర ఖాళీ, కింద రంపపు పొట్టు. ఫ్రావ్ హేగెలె చేతిలో గొడ్డలి పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ పలకరించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలైనా తడుముకుంటారు, ఈమె అదీ చేయలేదు.

ఊర్మిళ తనకొచ్చిన జర్మన్ అంతా కూడగట్టుకుని, ఈ కట్టెలు మావి, ఆ బొట్లు నేను పెట్టినవి, ఇప్పుడే పోలీసులను పిలుస్తానంది.

"అవును, మీవే," అంది ముసలావిడ.

"విన్నవా? తనే ఒప్పుకుంటుంది," అని ఊర్మిళ భర్త వైపు తిరిగింది.

ఈలోగా ఫ్రావ్ హేగెలె జేబులోంచి రెండు సూదులున్న చిన్న మీటరు తీసి, బొట్టున్న కట్టెలోకి గుచ్చి విశ్వతేజకు చూపించింది. నలభై మూడు. కట్టెలో ఉన్న తేమ శాతం అది. ఇరవై దాటితే పొయ్యిలో పెట్టకూడదని ఆమె ఒక్కో మాటా విడదీసి, నిదానంగా చెప్పింది. ఇవి మొన్న మొన్న కొట్టిన చెట్లు, అందుకే అంత బరువు. రెండు ఎండాకాలాలు ఆరాలి. ఈలోగా కాలిస్తే ఇల్లంతా పొగ, చిమ్నీ నిండా మసి. ఏదో ఒక రోజు ఆ మసే అంటుకుంటుంది. ఈ సంగతి చెబుదామనే రెండుసార్లు బెల్ కొట్టిందట, ఎవరూ తలుపు తీయలేదట.

ఊర్మిళ తల కొట్టేసినట్టయింది. బరువు చూసి ఏరింది తనే. విశ్వతేజ ఇక పోదాం పద అన్నట్టు ఆమె మోచెయ్యి లాగాడు. కానీ గుండెల మీద గీతిక కదలగానే ఆమెకు మళ్లీ దుఃఖంతో పాటు కోపమూ తన్నుకొచ్చింది.

"తడివే అనుకోండి. అడగకుండా ఎత్తుకొచ్చేస్తారా? ఈ చలిలో పసిపిల్లను పెట్టుకుని మేమిక ఏం కాల్చుకోవాలి?" అంది.

ముసలావిడ గీతిక టోపీని చెవుల మీదికి సర్ది, మళ్లీ గొడ్డలి అందుకుంది.

"మూడు వారాలుగా కాలుస్తున్నవే కాల్చుకోండి. అవి నావి."