ఒక్క తడి

తెనాలి లాకుల దగ్గర నీళ్ళు ఎర్రగా, నురగ కక్కుతూ కిందికి దూకుతున్నాయి.

మార్కెట్లో తమలపాకు బుట్టలు ఖాళీ చేసుకుని సైకిలు నడిపించుకుంటూ వస్తున్న అంద్రెయ వంతెన మీదే నిలబడిపోయాడు.

ఎనభై ఆరు వేసవి అది. కాలవకి నీళ్ళు కట్టేసి రెండు నెలలు దాటింది. తెల్లవారుజామున తను వచ్చేటప్పుడు అడుగున ఇసక తప్ప మరేమీ లేదు.

"ఏంటి బాబాయ్ ఇది? ఆదివారం గదా వదులుతామన్నారు?" అని లాకుల మీదున్న లస్కరు సుందరయ్యని అడిగాడు.

"పైనించి ముందే వదిలేశార్రా అబ్బాయ్. నువ్విటు వచ్చినాక తలుపులెత్తాం. ఈపాటికి సగం దారి పోయుంటాయి. పో, పో, మీ ఊళ్ళో పండగ చేసుకోండి!"

అంద్రెయ సైకిలెక్కాడు.

కాలవ కట్టేసిన రోజుల్లో ఆకుతోటలవాళ్ళు కాలవ అడుగునే గుంటలు తవ్వుకుంటారు. ఊరిన నీళ్ళు బిందెలతో మోసుకుని తీగెల ప్రాణం నిలబెట్టుకుంటారు. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా ఎవరి గుంట వాళ్ళు పూడ్చేస్తారు. ఎవరో పెట్టిన రూలు కాదది. పిల్లలు తిరిగే కాలవ, అంతే.

ఈసారి కూడా అందరూ పూడ్చేశారు, అంద్రెయ తప్ప.

తోట అతనికి కౌలు. ఎండలకి తీగెలు వేలాడిపోతున్నాయి. "గుంట పూడ్చావా?" అని తోటగలాయన దశరథరామయ్య నిన్న సాయంత్రం అడగనే అడిగాడు.

"రేపు మార్కెట్ నించి వచ్చి, ఒక్క తడి పెట్టుకుని పూడ్చేస్తానండి," అన్నాడు ఇతను.

గుంట నిలువు లోతు. అంద్రెయ దిగి నిలబడితే తలపాగా కూడా బయటికి కనపడదు.

కట్ట మీద బస్సులూ లారీలూ తిరగవు. కంకర పోసిన సన్నటి దారి. ఒక పక్క కాలవ, మరో పక్క అవిశె చెట్లకి అల్లుకున్న తమలపాకు తోటలు. ఆ దారిన సైకిలు తొక్కడమంటే అంద్రెయకి పెళ్ళికి పోయినంత సంబరం. రోజూ కూనిరాగాలు తీస్తూ, కనపడిన ప్రతివాణ్ణీ పలకరిస్తూ పోతాడు.

ఇవాళ ఆ దారి ఎంతకీ తరగడం లేదు.

చక్రాల కింద కంకర కరకరమంటోంది. పక్కనే నీళ్ళు, తొందరేమీ లేనట్టు, అతను పోయేవైపే పోతున్నాయి.

కొత్త నీళ్ళొస్తే పిల్లల్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రేవులో కాలవలోకి దిగి, నీళ్ళకి ఎదురు నడుస్తారు. అవి పాదాలకి తగలగానే కేకలు పెడుతూ, వాటికి ముందు ఊళ్ళోకి పరిగెత్తుకొస్తారు. అంద్రెయ కూడా ఒకప్పుడు అలా పరిగెత్తినవాడే. పోయిన ఏడు అతని కూతురు సారా అందరికన్నా ముందు వచ్చింది. ఆ రోజంతా ఆ సంగతే చెప్పుకుని మురిసిపోయాడు.

గుంట రేవుకి ఎగువన, పిల్లలు ఎదురెళ్ళే దారిలోనే ఉంది.

ఈ మలుపు దాటితే పొడి ఇసక కనపడుతుంది అనుకున్నాడు.

మలుపు దాటాడు. నీళ్ళే.

కట్ట మీద బసవేశ్వరరావు ఎదురయ్యాడు. ఎకరాలున్న రైతు. మొహం చాటంత చేసుకుని ఉన్నాడు.

"చూశావా అంద్రెయా! ఈ ఏడు నారు ముందే పోసుకోవచ్చు!"

"అవునండి, అవునండి," అంటూనే అతన్ని దాటేశాడు.

ఇంకో మలుపు. అక్కడా నీళ్ళే.

తోట వచ్చింది.

సైకిలు పడేసి ఒడ్డుకి పరిగెత్తాడు. కాలవ ఈ దరి నుంచి ఆ దరి దాకా ఒక్క మట్టంగా ఉంది. చూస్తే మోకాలి లోతు కూడా ఉండదనిపిస్తుంది. గుంట ఎక్కడుందో తవ్వినవాడికే అంతు చిక్కలేదు.

మనిషి అలికిడి లేదు. అరుపులు లేవు. తోటలో ఆకు కూడా కదలడం లేదు.

పిల్లలు వచ్చి, నీళ్ళకన్నా ముందే వెళ్ళిపోయి ఉంటారు. పొడిగా ఉన్నప్పుడు అంత గుంట ఎవరికి కనపడదు? చుట్టూ తిరిగి పోయి ఉంటారు.

అంద్రెయ కంకర మీదే కూలబడ్డాడు.

"స్తోత్రం ప్రభువా," అన్నాడు పైకే. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఒడ్డుకి దిగి మొహం కడుక్కున్నాడు. నోరు పుక్కిలించాడు. దోసిలి పట్టి కడుపునిండా తాగాడు. అవిశె కొమ్మ ఒకటి విరిచి, తన కండువా దానికి కట్టి, ఎవరూ అటు దిగకుండా ఒడ్డున గుచ్చాడు.

ఆ తర్వాత తాపీగానే తొక్కాడు.

రేవులో ఒకటే సందడి. నీళ్ళు అప్పుడే చేరాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లుతున్నారు. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చిమ్ముకుంటున్నారు. అంద్రెయ కళ్ళతోనే సారా కోసం వెతుక్కున్నాడు.

భార్య రాహేలు గట్టు మీదే ఉంది. అతన్ని చూసింది, సైకిలు వెనక క్యారేజీ వైపు చూసింది.

"పిల్లేదయ్యా?"

"ఏ పిల్ల?"

"సారా. వీళ్ళందరితో కలిసి ఎదురెళ్ళింది గదా. వీళ్ళు పరిగెత్తుకొచ్చేశారు. అది మాత్రం నాన్న వచ్చే వేళయింది, తోట కాడ ఆడుకుంటా ఉంటాను, సైకిలెక్కి వస్తానందంట."

పిల్లల కేకల్లో ఆమె మాట అతనికి సరిగ్గా వినిపించలేదేమోనని దగ్గరికి వచ్చింది.

"నువ్వు తోట కాడ ఆగలేదా?"

"ఆగాను," అన్నాడు అంద్రెయ.