రెండో కుర్చీ

వరండాలో నిలబడి తాలియా ఆ వాక్యాన్ని మళ్ళీ అనుకుంది. మళ్ళీ తప్పింది.

"ఇవాళ మేము అడుగుతున్నాం" అని వస్తోంది నోటికి. అది ఇంగ్లీషు నడక. యూదుల పాత ఇంటిభాష యిడ్డిష్‌లో "ఇవాళ అడుగుతున్నాం మేము" అనాలి. ఫ్రూమా టీచర్ బల్ల మీద వేలితో కొట్టి మరీ నేర్పిన పాఠం అది. వాక్యంలో మొదటి కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు, నిన్నటి రోజైనా, నాన్నైనా, కుగెల్ వంటకం ఉన్న గిన్నైనా సరే. రెండో కుర్చీ మాత్రం క్రియది.

ఇక్కడే బలక్లావా పేటలో పుట్టి ఇంగ్లీషులో పెరిగిన తాలియాకి ఈ లెక్క ఏనాడూ కుదరలేదు. "నేను" అన్న మాట గబగబా వెళ్ళి ఆ రెండో కుర్చీలో కూర్చునేది. టీచరేమో తప్పు వింటే వదిలే రకం కాదు. ఒకసారి పెళ్ళివిందులో ఎవరో పెద్దాయన వధూవరుల్ని దీవిస్తుంటే, మధ్యలో ఆపి వాక్యం సరిచేసిందట!

నెల కిందట క్లాసులో తాలియా చేత ఒకే వాక్యాన్ని పదేపదే చెప్పించింది. పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వారు. తాలియాకి ఒళ్ళు మండిపోయింది.

"చచ్చిన భాషకి ఇంత పట్టింపు ఎందుకండీ?" అనేసి, బ్యాగు తీసుకుని బయటికి నడిచింది.

పోలండ్‌లో అయినవాళ్ళందర్నీ పోగొట్టుకుని, ఆ ఒక్క భాషనీ వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చిన మనిషి టీచర్. ఆ సంగతి తాలియాకి గుర్తొచ్చేసరికే ట్రామ్ రెండు స్టాపులు దాటింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

ఫోన్ చేద్దామని రోజూ అనుకుంది, చెయ్యలేదు. ఈ వారమే యోమ్ కిప్పూర్, యూదులు ఏడాది తప్పులకి క్షమాపణ కోరే పండగ. దేవుణ్ణి క్షమాపణ అడిగేముందు, నొప్పించిన మనిషిని అడగాలి. ఎలాగూ అప్పుడు వెళ్ళక తప్పదు కదా, అప్పుడే వెళ్దాంలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఈలోగా ఇవాళ పొద్దున్నే హిండా ఆంటీ ఫోన్ చేసి రమ్మంది. వాళ్ళ పేటలో ఏ మంచికైనా చెడుకైనా ఆడవాళ్ళని కూడగట్టేది ఆవిడే.

ఆవిడ తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. "వాక్యం వచ్చిందా, అమ్మాయ్?"

"వస్తోంది, పోతోంది."

"నాకూ, లోపలున్న ఇద్దరికీ వంటింటి యిడ్డిష్ తప్ప రాదు. మీ టీచరేమో, నాతో ఇంగ్లీషులో మాట్లాడారంటే ఊరుకోనని ఎప్పుడో చెప్పిపెట్టింది. అందుకే నిన్ను పిలిచా."

"నేనన్న మాట మీకు తెలుసుగా ఆంటీ. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"భయపడకు. ఆవిడ నిన్నేమీ అనదు."

"అనకపోతేనే భయం."

హిండా ఆంటీ కుళాయి వైపు చూపించింది. తాలియా చేతులు కడుక్కుని జుట్టుకి గుడ్డ కట్టుకుంది. లోపల పాటించాల్సినవి ఆంటీ గొంతు తగ్గించి చెప్పింది. టీచర్ని పేరు పెట్టి, తండ్రి పేరుతో సహా పిలవాలి. అక్కర్లేని మాట ఒక్కటీ రాకూడదు. ఆవిడ మీదుగా చెయ్యి చాపి ఎవరికీ ఏదీ అందించకూడదు, అది మర్యాద కాదు. ఫ్రూమా టీచర్ దగ్గర ఇంతకన్నా ఎక్కువ కట్టుబాట్లే చూసింది తాలియా.

గది చల్లగా ఉంది. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ మంచానికి చెరోపక్కా నిలబడ్డారు. టీచర్ కళ్ళు మూసుకునే ఉంది. క్లాసులో కూడా పిల్లల వాక్యాలు అలాగే వినేది. ఆవిడ మీది తెల్ల దుప్పటిని హిండా ఆంటీ కాస్త సర్ది, కానివ్వమన్నట్టు తలూపింది.

టీచర్ని పేరు పెట్టి పిలవడానికి తాలియాకి నోరు రాలేదు. ఎలాగో కూడదీసుకుంది.

"యాన్కెవ్ కూతురు ఫ్రూమా... ఇవాళ మేము..."

ఆగిపోయింది. క్లాసులో అయితే ఈపాటికి బల్ల మోగిపోయేది. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోవడం తాలియా వల్ల కాలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది.

తనే సరిదిద్దుకుంది. "ఇవాళ అడుగుతున్నాం మేము మీ క్షమాపణ. మీ మర్యాదకి మావల్ల ఏ లోటు జరిగినా మన్నించండి."

చెప్పాల్సింది అంతే. కానీ తాలియా కదల్లేదు.

"ఆ రోజు అన్నాను నేను ఒక మాట," అంది. క్రియ దానంతటదే తన కుర్చీలో వెళ్ళి కూర్చున్న సంగతి కూడా ఆమె గమనించలేదు. "తప్పు టీచర్. తెలిసే అన్నాను. సిగ్గుతో రాలేదు నేను ఇన్నాళ్ళూ. నన్ను క్షమించండి."

ఏడుపు ఆగలేదు. హిండా ఆంటీ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"చాలమ్మా. బాగానే చెప్పావు."

తర్వాత నలుగురూ కలిసి ఆవిడకి ఆఖరి స్నానం చేయించారు.