ఎదురుకొట్టు బొమ్మ

బొమ్మ తల మళ్ళీ వాలిపోయింది.

టైలరమ్మ మిషను తొక్కడం ఆపి రోడ్డుకి అవతల చూసింది. చాలాకాలంగా మూతపడి ఉన్న బట్టల కొట్టు అద్దం వెనక, కుర్చీలో ఇటు వీపు పెట్టి కూర్చున్న బొమ్మ అది. పొద్దున్న నిటారుగానే ఉంది. ఇప్పుడు టోపీ ముందుకి ఒరిగిపోయింది. గుడ్డపీలికలు కుక్కి దాన్ని తయారుచేసింది తనే. పాత కర్టెను కత్తిరించి ఆ పెద్ద కాలరు కోటు కుట్టిందీ తనే. తను చేసిన బొమ్మకి తనే భయపడటం సిగ్గుచేటని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

కాగితం మిల్లులో మనుషుల్ని తగ్గించడం మొదలైనప్పటి నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న ఆ బజారు చితికిపోయింది. ఒక్కో కొట్టూ షట్టరు దించేసుకుంది. మిగిలినవాళ్ళంతా గడియారాల బాబాయిని పెద్దగా పెట్టుకుని కమిటీ కట్టారు. తామే చీపుర్లు పట్టి రోడ్డు ఊడ్చారు, షట్టర్లకి రంగులు వేశారు. మూసిన కొట్ల అద్దాల వెనక బొమ్మల్ని పెడితే బజారు నిండుగా కనిపిస్తుందన్న ఆలోచన మాత్రం టైలరమ్మ భర్తది. ఆయన ఆ మిల్లులోనే గుమాస్తా. సెలవు రోజున బొమ్మల్ని భుజాన మోసి, వెనకసందు తలుపుల్లోంచి లోపలికి చేర్చింది కూడా ఆయనే. ఆ ఎత్తు పారింది. బొమ్మల్ని చూడటానికి జనం రాసాగారు, వచ్చినవాళ్ళలో కొందరు ప్యాంటు అంచులు కుట్టించుకుని పోతున్నారు. అయితే బజారు ఈ చివర తెరిచి ఉన్నది ఆమె కొట్టు ఒక్కటే. అదీ మూతపడితే కమిటీ పడ్డ పాటంతా నీళ్ళపాలే.

ఆమె వెళ్ళి గడియారాల బాబాయికి చెప్పుకుంది.

“పీలికలు కిందికి దిగి ఉంటాయమ్మా. మెడ దగ్గర ఇంకో రెండు కుట్లు వెయ్యాల్సింది.”

“నిన్న దాని భుజం కదిలింది బాబాయ్. కళ్ళారా చూశాను.”

“మరి పలకరించకపోయావా? ఇన్నాళ్ళకి ఆ కొట్టుకో కస్టమరు వచ్చాడు.”

ఆయన నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తతో తేల్చి చెప్పేసింది. ఇక తనవల్ల కాదని, కొట్టు ఎత్తేసి మిషను ఇంటికి తెచ్చుకుంటానని, మధ్యాహ్నమయ్యేసరికి ఆ బొమ్మ పీక కోసినట్టు మెడ వాల్చేస్తోందని. ఆయన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

“కొట్టు మాత్రం మూయకు,” అన్నాడు చివరికి. “ఏమైనా సరే, అది మూయకు.”

“మీకేం, పొద్దున్నే బస్సెక్కి పోతారు. అక్కడ ఒక్కదాన్నే బిక్కుబిక్కుమంటూ కూర్చునేది నేను.”

“ఒక్కదానివే అని ఎందుకనుకుంటావ్? ఎదురుగా తోడుగా ఒకరున్నారనుకో.”

ఓదార్పుగానే అన్నాడు. ఆమెకి మాత్రం ఒళ్ళు జలదరించింది. గిన్నెలు కడుగుతుంటే కిటికీ బయట ఏదో కదిలినట్టనిపించి, చేతిలోని ఆయన భోజనం డబ్బా జారి గచ్చు మీద పడింది. మూత సొట్టపోయింది. పొద్దున్న దాన్ని ఎలాగో బిగించి సంచిలో పెట్టింది. బస్సు పోతుందంటూ ఆయన సరిగ్గా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆరోజు బొమ్మ తల వాల్లేదు.

ఎండ నడినెత్తికి వచ్చినా వాల్లేదు. ఎవరో గట్టిగా కోప్పడినట్టు మెడ బిగపట్టుకుని కూర్చుంది. ఊరట కలగాల్సింది పోయి ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. రాత్రి తన ఇంట్లో, నాలుగు గోడల మధ్య అన్న మాట దీనికి ఎలా తెలిసింది? చూపు అటుంటే చెయ్యి ఇటుంది. సూది వేలిలో దిగింది. మిషను ఆపి వేలు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు వినిపించింది. టక్. టక్.

గడియారాల బాబాయి సుత్తి అయి ఉంటుందని వీధిలోకి తొంగి చూసింది. ఆయన భోజనానికి వెళ్ళాడు, కొట్టుకి తాళం ఉంది. వీధిలో నరమానవుడు లేడు. టక్. టక్. చప్పుడు ఎదురుకొట్టులోంచే వస్తోంది.

ఆమె చేతులు వాటంతటవే షట్టరు మీదికి పోయాయి. సగం దించేసింది కూడా. ఇప్పుడు దించితే మళ్ళీ ఎత్తనని ఆమెకి తెలుసు. ఆ సగంలో ఎక్కడో కోపం పుట్టుకొచ్చింది. తన కొట్టు, తను ఊడ్చిన బజారు, తను కుట్టిన కోటు. వీటిని వదిలి పారిపోవాల్సిన ఖర్మ ఏం పట్టింది? పెద్ద కత్తెర చేత పట్టుకుని రోడ్డు దాటింది.

ఎండ పడి అద్దం తళతళలాడుతోంది. కత్తెర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ కళ్ళకి అటూఇటూ అడ్డం పెట్టి, నుదురు అద్దానికి ఆనించింది. ముందు కనిపించింది లోపలి మూల. అక్కడ గోడకి చేరగిలబడి ఉంది పీలికల బొమ్మ. దాని ఒంటి మీద కోటు లేదు, నెత్తిన టోపీ లేదు.

మరి కుర్చీలో ఉన్నది ఏమిటి?

కోటు భుజం మీదుగా చూపు నెమ్మదిగా ముందుకి పోనిచ్చింది. రెండు చేతులు దేన్నో బల్ల అంచుకేసి కొడుతున్నాయి. టక్. టక్.

అది పొద్దున్న ఆమె కట్టి ఇచ్చిన భోజనం డబ్బా.